కంద రైతుకూ టిష్యూ కల్చర్ మొక్కలు ఇవ్వండి

సంపాదకులకు నమస్కారం.

కొల్లిపర, దుగ్గిరాల వైపు కంద వేసే రైతుకు పంట కన్నా ముందు విత్తనం దగ్గరే టెన్షన్. ఎకరానికి టన్నుల లెక్కన దుంప కావాలి. అమ్ముకుంటే డబ్బులొచ్చే దుంపనే తిరిగి మట్టిలో పెట్టాలి. అంత పెట్టినా ఆ దుంపలోనే మొజాయిక్ వైరస్ దాగి వస్తుంది. పోయినేడు మా చేలో నిగనిగలాడే దుంపలే నాటాం, ఆకు విచ్చాక చూస్తే పసుపు మచ్చలు. సోకాక ఏ మందు కొట్టినా వైరస్ పోదు.

టిష్యూ కల్చర్‌లో మొగ్గ కొనలో సాధారణంగా వైరస్ చేరని అతి చిన్న ముక్కను తీసి గాజు సీసాలో పెంచుతారు. 1952లో ఫ్రాన్స్‌లో మొరెల్, మార్టిన్ అనే శాస్త్రవేత్తలు వైరస్ సోకిన డాలియా నుంచి ఆరోగ్యమైన మొక్కలు తీసింది ఇలాగే. డాలియా కూడా దుంప మొక్కే! అరటిలో మన రైతులకు ఈ మొక్కలు కొత్త కాదు. కందలో మొదటి ఏడు దుంప చిన్నగానే ఊరుతుంది, దాన్ని విత్తనానికి ఉంచుకోవాలి. అందుకే ఆ ఏడాది రైతుకు ఆసరా కావాలి.

గజేంద్ర అనే కంద రకాన్ని ఇచ్చిన కొవ్వూరు ఉద్యాన పరిశోధన కేంద్రం మన రాష్ట్రంలోదే. వైరస్ పరీక్ష చేసిన కంద మొక్కలను ఉద్యాన శాఖ సబ్సిడీపై వచ్చే సీజన్‌కైనా అందించాలి.

– ఒక కంద రైతు, కొల్లిపర మండలం, గుంటూరు జిల్లా