కొత్త లైన్‌బ్యాకర్‌కు అప్పుడే పగ్గాలా?

సంపాదకులకు,

అమెరికన్ ఫుట్‌బాల్‌లో కొత్త లైన్‌బ్యాకర్‌కు (రక్షణ జట్టులో ముందు వరుస వెనుక నిలిచే ఆటగాడికి) వెంటనే మధ్య స్థానం ఇవ్వాలని పర్లాకిమిడిలోని మా తెలుగు మిత్రులు వాదిస్తున్నారు. నాకది తొందరపాటుగా తోస్తోంది. సాధారణంగా ఆ స్థానంలోని ఆటగాడే, 2008 నుంచి అమెరికా వృత్తి లీగ్ ఎన్‌ఎఫ్‌ఎల్ అనుమతిస్తున్న హెల్మెట్ రేడియోలో శిక్షకుడి సూచన విని, తర్వాతి ఆట మొదలుపెట్టే గడువు చూపే గడియారంలో 15 సెకన్లు మిగిలేసరికి ఆ గొంతు ఆగిపోయాక, ఎదుటి జట్టు అమరికను బట్టి మిగతా పదిమందినీ సర్దాలి. కాళ్లలో వేగం ఉన్నంత మాత్రాన ఆ నేర్పు అబ్బదు. మా ఊరి కబడ్డీలోనూ కూతగాడి అడుగు పసిగట్టడం వచ్చాకే కుర్రవాడికి మూల అప్పగిస్తాం. కొత్త లైన్‌బ్యాకర్‌నూ మొదట స్పెషల్ టీమ్స్‌లో (బంతిని తన్నే సందర్భాల్లో దిగే బృందాల్లో), తర్వాత అంచు పక్కన ఆడించాలి. అయిదుగురు వెనుక రక్షకులుండే నికెల్ అమరికలో సాధారణంగా లైన్‌బ్యాకర్లు ఇద్దరే మిగులుతారు గనుక, పాస్‌ను అడ్డుకోవడం రానివాడిని అక్కడ నిలపకూడదు.

ఒక పాఠకుడు,
పర్లాకిమిడి, గజపతి జిల్లా, ఒడిశా