సుదూర సైకిల్ రైడ్లు: ఆగే సమయానికీ లెక్క ఉండాలి

గౌరవనీయులైన సంపాదకులకు,

గడువు పెట్టి నడిపే 200, 300 కిలోమీటర్ల సామూహిక సైకిల్ రైడ్ల గురించి పత్రికల్లో రాతలు పెరుగుతున్నాయి. సంతోషమే. కానీ కొత్తగా దిగేవారికి వాటిలో దొరికే సలహా దాదాపు ఒక్కటే: రోజూ తొక్కండి, వేగం పెంచుకోండి. దారి మధ్యలో రైడర్ల రాకను నమోదు చేసే కంట్రోల్ పాయింట్ల దగ్గర వారి కార్డుల మీద ముద్రలు వేసే మాకు, ఆగిపోయిన సైకిళ్లను బాగుచేసి పంపే మాకు ఆ సలహా చాలదనిపిస్తుంది. గడువు తప్పినవారిలో కాళ్లలో సత్తువ చాలనివారి కంటే కూర్చున్న చోటి నుంచి లేవనివారే మాకు ఎక్కువగా కనిపిస్తారు. చిన్న రిపేరు దగ్గర చిక్కుబడినవారిదీ అదే దారి.

లెక్క చూడండి. ఫ్రాన్సులోని ఆడాక్స్ క్లబ్ పారిసియన్ నియమాలతో జరిగే బ్రెవెల్లో, అంటే గడువు పెట్టి నడిపే ఇలాంటి రైడ్లలో, 200 కి.మీ.కు గడువు 13 గంటల 30 నిమిషాలు. 300కు 20 గంటలు, 400కు 27, 600కు 40. పేరున్న పారిస్-బ్రెస్ట్-పారిస్‌లో సుమారు 1200 కి.మీ.కు గరిష్ఠంగా 90 గంటలు ఇస్తారు. 200కు గంటకు 15 కూడా పడదు, ఇదేమంత కష్టం అనిపిస్తుంది. అయితే మనం ఆగినా గడియారం ఆగదు. కదిలేటప్పుడు గంటకు 18 కి.మీ. వేగం ఉన్నవారికి తొక్కడానికే 11 గంటల 7 నిమిషాలు పడుతుంది. మిగిలేవి 2 గంటల 23 నిమిషాలు. తిండి, నీళ్లు, పంక్చర్, దారి తప్పడం, కార్డు మీద ముద్ర, అన్నీ అందులోనే సర్దుకోవాలి. ఎనిమిది చోట్ల పదిహేనేసి నిమిషాలు ఆగితే రెండు గంటలు అక్కడే పోయాయి. వేగాన్ని 18 నుంచి 19కి పెంచితే అదనంగా మిగిలేది 35 నిమిషాలు, దానికి నెలల సాధన కావాలి. ఆ ఎనిమిది విరామాలనూ పదేసి నిమిషాలకు కుదిస్తే 40 నిమిషాలు మిగులుతాయి. దానికి సాధన కూడా అక్కర్లేదు.

ఎత్తుపల్లాల దగ్గర ఇంకో పొరపాటు లెక్క నడుస్తుంటుంది. పది కిలోమీటర్ల ఎక్కుడు గంటకు 10 వేగంతో, అంతే దిగుడు 30 వేగంతో పోతే సగటు 20 అనుకుంటారు. ఎక్కడానికి 60 నిమిషాలు, దిగడానికి 20. మొత్తం 80 నిమిషాల్లో 20 కిలోమీటర్లు, అంటే సగటు 15. ఎక్కుడులో పోయిన సమయం దిగుడులో తిరిగి రాదు. ఎదురుగాలిదీ ఇదే సంగతి. అందుకే మొత్తం దూరం మీద ఒకే సగటు వేసుకోకుండా, కంట్రోల్ పాయింట్ల మధ్య ఒక్కో ముక్కకూ వేరుగా సమయం రాసుకోవాలి. ఆ కంట్రోళ్లకూ మూసే వేళలుంటాయి. గంటకు 15 లెక్కన 120వ కిలోమీటరు దగ్గరిది బయల్దేరిన ఎనిమిది గంటలకు మూస్తారు. చివరి గడువొక్కటే మనసులో పెట్టుకున్నవారు మధ్యలో దెబ్బతింటారు. ఈ వేళలను వేలెడంత కాగితం మీద రాసి హ్యాండిల్ కాడకు టేపుతో అంటించుకోండి. ఫోను జేబులోంచి తీసి చూడటం కూడా ఒక విరామమే.

కంట్రోల్‌కు చేరేముందే చేయాల్సిన పనుల వరుస తెలిసి ఉండాలి. మొదట కార్డు ముద్ర, తర్వాత బాటిళ్లలో నీళ్లు, తర్వాత తినేది జేబుల్లోకి, వెంటనే బయటికి. కుర్చీలో కూర్చుని తినేది రైడ్ మొత్తంలో ఒక్కసారి చాలు. కార్డును ప్లాస్టిక్ సంచిలో, ఎప్పుడూ ఒకే జేబులో పెట్టుకోండి. కార్డు కోసం సంచులన్నీ వెతికేవారిని చూస్తే, ఈ నిమిషాలకు కూడా సాధన అవసరమేమో అనిపిస్తుంది.

ఇక సైకిల్. రైడ్‌కు ముందురోజు సర్వీసింగ్‌కు ఇవ్వడం మంచి అలవాటు కాదు. కొత్తగా వేసిన భాగం సరిగా కూర్చుందో లేదో కనీసం వంద కిలోమీటర్లు తొక్కితే గానీ తెలియదు. రెండు మూడు వారాల ముందే పని ముగించాలి. చైన్‌ను రూలరుతో కొలవండి. పిన్ను మధ్య నుంచి పిన్ను మధ్యకు కొత్త చైన్‌లో 24 లింకులు సరిగ్గా 12 అంగుళాలు వస్తాయి. అంగుళంలో పదహారో వంతు సాగిందంటే మార్చే వేళ అయింది. ఎనిమిదో వంతు వరకు సాగనిస్తే వెనుక క్యాసెట్ (గేర్ల పళ్ల చక్రాల దొంతర) పళ్లు కూడా అరిగిపోతాయి. అప్పుడు కొత్త చైన్ ఒక్కటే వేస్తే, ఎక్కుడులో బలంగా తొక్కినప్పుడు పళ్ల మీద జారుతుంది. ముందురోజు చైన్ మార్చి వచ్చినవారికి జరిగేది ఇదే.

మాకు తరచూ ఎదురయ్యే మరో సమస్య గేర్ కేబుల్. అది లీవర్ లోపల, వంపు తిరిగే చోట పోగు పోగుగా తెగుతుంది కాబట్టి బయటికి కనపడదు. గేర్ చిన్న చక్రానికి దిగడానికి మొరాయిస్తుంది, కేబుల్ బిగువు సర్దే అడ్జస్టర్ తిప్పి సరిచేసినా కొద్ది రోజుల్లో మళ్లీ అంతే అవుతుంది. ఈ లక్షణం కనిపిస్తే సర్దుబాట్లు మాని కేబుల్ మార్చేయండి. దారిలో పూర్తిగా తెగితే వెనుక గేర్ తొక్కడానికి అన్నిటికన్నా బరువుగా ఉండే చిన్న చక్రం మీదికి పడిపోతుంది. కేబుల్ ఫ్రేమ్ బయట నడిచే సైకిళ్లలో ఆ తీగను లాగి బాటిల్ కేజ్ బోల్టు కింద బిగిస్తే గేర్ మధ్య చక్రం మీద నిలుస్తుంది. వేగం తగ్గినా ఇంటికి చేరుస్తుంది.

బ్రేక్ ప్యాడ్లు, సీటు పోస్టు, హ్యాండిల్ బోల్టుల సంగతి అందరూ చెబుతారు. బిగింపు ఎంత ఉండాలో ఆ భాగం మీదే రాసి ఉంటుంది, బిగింపును కొలిచే టార్క్ రెంచ్‌తో చూసుకోండి. షూను పెడల్‌కు పట్టి ఉంచే క్లీట్ స్క్రూలను మాత్రం మరిచిపోతారు. ఒకటి ఊడితే కాలు తిప్పినా షూ పెడల్ నుంచి విడిపోదు, ఆగగానే పక్కకు పడతారు.

గాలి విషయంలో టైరు పక్కన రాసిన అంకెను గరిష్ఠ పరిమితిగా చూడాలి, అంత కొట్టాలని కాదు. 28 మి.మీ. టైరుకు 70 కిలోల మనిషికి 70 నుంచి 80 పీఎస్‌ఐ (గాలి ఒత్తిడి కొలత) దరిదాపుల్లో సరిపోతుంది. వెనుక చక్రం మీద బరువు ఎక్కువ కనుక ముందు టైరులో కొంచెం తక్కువ. మరీ గట్టిగా ఉంటే గతుకుల రోడ్డు మీద అరచేతులు తిమ్మిరెక్కుతాయి, వేగం కూడా పెరగదు.

పంక్చర్ పడితే ట్యూబ్ మార్చేసి బయల్దేరడమే చాలామంది చేసే పని. కారణం దొరకకుండా కొత్త ట్యూబ్ వేస్తే అదే ముల్లు దాన్నీ పొడుస్తుంది. లారీ టైర్ల నుంచి రాలే సన్నని ఉక్కు తీగ ముక్కలు కంటికి ఆనవు. టైరు లోపల గుడ్డతో మెల్లగా తడిమితే పోగు తగులుకుంటుంది. కంత ఎక్కడుందో చూసినా కారణం తెలుస్తుంది. పక్కపక్కనే రెండు కంతలుంటే గాలి తక్కువై ట్యూబ్ రిమ్ముకు నలిగింది. రిమ్ము వైపు కంత ఉంటే రిమ్ము టేపు జరిగింది. వాల్వు మొదట్లో చిరిగితే పంపు కొట్టేటప్పుడు వాల్వును గుంజారు, అది ప్యాచ్‌కు లొంగదు. ప్యాచ్ వేసేటప్పుడు రుద్ది, సొల్యూషన్ పలచగా రాసి, మెరుపు పోయేదాకా కొన్ని నిమిషాలు ఆగాలి. తడి మీద అంటిస్తే ఊడుతుంది. ఒకసారి మూత తీసిన సొల్యూషన్ ట్యూబు కొన్ని నెలల్లో ఎండిపోతుంది, కిట్టులో ఉంది కదా అని ధీమా పడొద్దు. రెండు ట్యూబులు, ప్యాచ్ కిట్టు, రెండు టైర్ లీవర్లు, పంపు, చైన్ కట్టర్, చైన్ జాయింట్ లింకు, పాత టైరు నుంచి కోసిన అగ్గిపెట్టెంత ముక్క వెంట ఉండాలి. టైరు పక్క కోసుకుపోతే ఆ ముక్కను లోపల పెట్టి గాలి కొట్టొచ్చు. ట్యూబులను గుడ్డలో చుట్టండి. సంచిలో పనిముట్లతో రాసుకుని వాడకముందే కంత పడిన ట్యూబులు ఎన్నో చూశాం.

రాత్రి పడే రైడ్లకు లైటు కొనేటప్పుడు పెట్టె మీద వెలుతురును చెప్పే పెద్ద ల్యూమెన్ల అంకె చూసి మోసపోవద్దు. ఆ వెలుతురు సాధారణంగా గంటో రెండు గంటలో ఉంటుంది. మధ్య మోడ్‌లో ఎంతసేపు వస్తుందో తొక్కుతూ పరీక్షించండి. ఇంట్లో కదలకుండా వెలిగిస్తే వేడెక్కి తనంతట తానే వెలుతురు తగ్గించుకునే లైట్లున్నాయి, ఆ లెక్క పనికిరాదు. ఛార్జింగ్ పెడితే వెలగని లైట్లూ ఉన్నాయి. పవర్ బ్యాంక్ ఉంది కదా అనుకున్నవారు చీకట్లో ఆగిపోయేది అక్కడే. గుంపులో వెనుక లైటును మినుకు మినుకుమనేలా కాక నిలకడగా వెలిగించండి, వెనుకవారి కళ్లకు శ్రమ తగ్గుతుంది.

తిండి విషయం క్లుప్తంగా. ఒంట్లో నిల్వ ఉండే గ్లైకోజెన్ అనే పిండిపదార్థం గట్టిగా తొక్కితే కొన్ని గంటలకే సరిపోతుంది. ఆకలేశాక తింటే ఆలస్యమైపోయినట్టే. మొదటి అరగంటలోనే మొదలుపెట్టి, గంటకు 60 గ్రాముల కార్బోహైడ్రేట్ కొద్దికొద్దిగా లోపలికి వెళ్లాలి. అంత తట్టుకోవడం పొట్టకూ నేర్పాలి, కనుక రైడ్ రోజు తినబోయేదే సాధనలోనూ తినండి. నీళ్లకు అందరికీ ఒకే కొలత లేదు. సాధన రైడ్‌కు ముందూ వెనుకా బరువు చూసుకుంటే కిలో తగ్గడం అంటే, తాగినది పోను, సుమారు లీటరు కొరత అని తెలుస్తుంది. బరువు పెరిగితే అవసరానికి మించి తాగారు. ఉప్పు లేని నీళ్లు అతిగా తాగడం కూడా ప్రమాదమే.

సాధనలో వారానికొక పొడవైన రైడ్ ఉండాలి. మూడు వారాలు దూరం పెంచి నాలుగో వారం తగ్గించండి. 200 రైడ్‌కు ముందు 130, 140 కి.మీ. ఒకసారి తొక్కి ఉంటే చాలు. చివరి పది రోజులు తగ్గించండి. మోకాలి ముందు నొప్పి వస్తే సీటు ఎత్తు తక్కువై ఉండొచ్చు, వెనుక వస్తే ఎక్కువై ఉండొచ్చు. ఒక్కసారికి 3, 4 మి.మీ. కన్నా ఎక్కువ మార్చకండి.

బయల్దేరిన మొదటి గంట అందరిలోనూ ఉత్సాహం ఉరకలేస్తుంది. ముందు గుంపు వెనకాల పడి, మాట్లాడలేనంత ఆయాసంతో తొక్కినవారు 120వ కిలోమీటరు దగ్గర తేలిపోతారు. పూర్తి వాక్యం మాట్లాడగలిగే వేగమే మీ వేగం. ఎవరి వెనకాలైనా నడిస్తే గాలి తగ్గి శ్రమ బాగా తగ్గుతుంది. కానీ మీ ముందు చక్రం వారి వెనుక చక్రం పక్కకు చేరకూడదు. వారు కాస్త పక్కకు జరిగితే పడేది మీరే. 400, 600 రైడ్లలో నిద్ర ముంచుకొస్తే సురక్షితమైన చోట ఆగి, అలారం పెట్టుకుని ఇరవై నిమిషాలు పడుకోండి. ఈ ఒక్క విరామంలో మాత్రం పిసినారితనం చూపొద్దు.

సంపాదకులకు ఒక విన్నపం. ఇలాంటి రైడ్ల ప్రకటనలు అచ్చువేసేటప్పుడు దూరం, తేదీలతో సరిపెట్టకుండా మొత్తం ఎక్కుడు ఎన్ని మీటర్లో, కంట్రోల్ పాయింట్లు ఎన్నో కిలోమీటరు దగ్గరో, అవి మూసే వేళలేమిటో, ఆ రోజు సూర్యాస్తమయం ఎప్పుడో కూడా వేయండి. నిర్వాహకులు ఇవ్వకపోతే అడిగి తీసుకోండి. ఈ నాలుగు వివరాలుంటే, పేరు నమోదు చేసుకోకముందే ఎవరి లెక్క వారు వేసుకోగలరు.

ఇట్లు,
సుదూర సైకిల్ రైడ్ల వాలంటీర్లు, మెకానిక్కులు