నాయనమ్మ విమానం ఎక్కిన సంగతి

నయీంనగర్, హనుమకొండ
నవంబరు 2025

బిడ్డా స్రవంతీ,

ఫోనుండగా ఈ ఉత్తరమేంటని నవ్వకు. ఫోన్ చేస్తే "మీటింగ్‌లో ఉన్నానమ్మా" అంటావు. వాట్సాప్‌లో నాలుగు ముక్కలు ఎక్కువ రాస్తే బొటనవేలు బొమ్మ ఒకటి వస్తుంది. కాగితాన్నైతే మధ్యలో కట్ చేయలేవు కదా. అందుకే రాస్తున్నాను. అంతకు మించి విశేషమేం లేదు.

ఇక్కడ అందరం బాగున్నాం. మొంథా తుపానుకు మన గల్లీలో మోకాళ్ల లోతు నీళ్లు నిలిచాయి కానీ గేటు మెట్టు దాటి లోపలికి రాలేదు. బాపు స్కూటర్ సైలెన్సర్‌లోకి నీళ్లు పోయి రెండు రోజులు మెకానిక్ దగ్గరే ఉంది. చిన్నోడు పరీక్షలని పుస్తకం ముందు పెట్టుకుని ఫోన్ చూస్తున్నాడు. ఢిల్లీలో పొగ కమ్మిందని టీవీలో చూపిస్తుంటే ప్రాణం ఒక్కచోట ఉండట్లేదు. మాస్క్ పెట్టుకుంటున్నావా? గుడ్డది కాదు, ఎన్-95 పెట్టుకో. పొద్దున వాకింగ్ మానెయ్.

ఈ మధ్య పేపర్ తెరిస్తే మామునూరు ఎయిర్‌పోర్టు సంగతే. మొన్న ఫిబ్రవరిలో కేంద్రం ఒప్పుకుంది కదా, అప్పటి నుంచి భూముల గొడవ, రన్‌వే పొడవు, ఎవరి పొలం పోతుంది, ఎవరిది మిగులుతుంది, ఇదే ముచ్చట. నిజాం కాలంలో 1930లో కట్టిన ఎయిర్‌పోర్టు అది. 1981 దాకా నడిచింది. తాతయ్య ఆజంజాహి మిల్లులో పనిచేసే రోజుల్లో అక్కడ దిగే విమానాలను నాయనమ్మ చెయ్యి అడ్డం పెట్టుకుని చూసేదట. శంషాబాద్‌కు 150 కిలోమీటర్ల లోపల ఇంకోటి కట్టొద్దని ఒప్పందం ఉండబట్టి ఇన్నాళ్లూ ఆగింది. ఇప్పుడా అడ్డు తొలగింది. అది తయారైతే నువ్వు ఢిల్లీలో ఎక్కి ఇక్కడ దిగి ఆటోలో ఇంటికి రావచ్చు. విమానంలోనే రావాలని కాదు. మాట వరసకు చెప్తున్నా.

నాయనమ్మ మొదటిసారి విమానం ఎక్కింది నీకెంత గుర్తుందో నాకు తెలియదు. నువ్వప్పుడు మూడో తరగతి. 2006, చిన్నోడి పుట్టువెంట్రుకల మొక్కు. రాజన్న మామ హైదరాబాద్‌లో ఏదో చౌక టికెట్ల ప్రకటన చూసి, మనల్ని అడగకుండానే బేగంపేట నుంచి తిరుపతికి అందరికీ కొనేశాడు. శంషాబాద్ ఇంకా కాలేదు, అది 2008లో కదా. తిరుపతి రైలు మన వరంగల్ మీదుగానే పోతుంది, మనమేమో విమానం కోసం గోల్కొండ ఎక్కి సికింద్రాబాద్ పోవాలి. నాయనమ్మకు ఇది ఎంత చెప్పినా మింగుడు పడలేదు. "దేవుడు అటుంటే మనం ఇటు పోవుడేందే? ఎదురు పోయి ఎగురుడేంది?" అని జనగామ దాకా అడుగుతూనే ఉంది. ఆలేరు దాటాక అడగడం మానేసి సకినాల డబ్బా తీసింది.

అసలు కథ బేగంపేటలో, సెక్యూరిటీ దగ్గర. నాయనమ్మ వక్కల సంచిలో అడకత్తెర ఉంది. వాళ్లమ్మ ఇచ్చిన ఇత్తడిది, చిలక ముక్కు పిడిది. దాన్ని లోపలికి తీసుకుపోనివ్వం అన్నారు. నాయనమ్మ అక్కడే కుర్చీలో కూర్చుంది. "ఇది వక్కలు కత్తిరించేది బిడ్డా, మనుషులను కాదు" అంటుంది. ఆ యూనిఫాం పిల్లకు తెలుగు రాదు. బాపు హిందీలో చెప్తే నాయనమ్మ "నువ్వు ఆమె దిక్కు మాట్లాడుతున్నవారా?" అని కొడుకు మీద లేచింది. వెనకాల లైను పెరుగుతోంది. చిన్నోడు ఏడుపు. పెద్ద సామాన్లు అప్పటికే లోపలికి పోయాయి, అందులో పెట్టడానికి లేదు. చివరికి బాపు దాన్ని పట్టుకుని బయటికి పరుగెత్తి, రాజన్న మామ ఇంకా గేటు దగ్గరే ఉంటే ఆయన చేతిలో పెట్టి, చెమటలు కక్కుతూ వచ్చాడు. నాయనమ్మ అప్పుడు లేచింది, కానీ "రాజన్న దాన్ని ఎక్కడ పెడతడో" అనే దిగులు మాత్రం లేవలేదు.

చిన్న విమానం, రెక్కలు పైన, రెక్కకు పంకాలు. వెనక తలుపులోంచి ఎక్కాం. నువ్వు కిటికీ దగ్గర, నాయనమ్మ నీ పక్కన, మా ముందు వరుసలో. విమానం లేచింది. నాకు కడుపులో ఏదో జారినట్టయింది. పిల్లలకు ఫిజిక్స్ చెప్పే టీచరునని గుర్తు చేసుకుంటూ, రెక్క మీద గాలి, రెక్క కింద గాలి అని మనసులో పాఠం చెప్పుకున్నాను. నువ్వేమో "నాయనమ్మా, చక్రం లోపలికి పోయింది!" అని అరిచావు. నాయనమ్మ అప్పటిదాకా బాగానే ఉంది. "లోపలికి పోతే దిగేటప్పుడెట్లనే?" అంది. నువ్వు "మళ్లీ బయటికి తీస్తరు, నేను చూస్కుంట, నువ్వు పండుకో" అన్నావు. అంతా అయ్యేదాకా ముక్కు అద్దానికి ఆనించి ఆ చక్రం ఉండే చోటు కాపలా కాశావు. కృష్ణా నది కనబడిందని నేనంటే కూడా తల తిప్పలేదు. రేణిగుంట దగ్గరికి వచ్చి చక్రం బయటికి రాగానే "అచ్చింది!" అని చప్పట్లు కొట్టావు. విమానంలో సగం మంది నీతో పాటు కొట్టారు. నాయనమ్మ అప్పటికే ముందు వరుసకూ వెనక వరుసకూ సకినాలు పంచేసింది. ఎయిర్‌హోస్టెస్ పిల్ల కూడా ఒకటి తీసుకుంది. దిగాక నేలకు దండం పెట్టి నాయనమ్మ అన్న మొదటి మాట, "రాజన్నకు ఫోన్ చెయ్యిరా, అడకత్తెర ఉన్నదో లేదో." వచ్చేటప్పుడు కృష్ణా ఎక్స్‌ప్రెస్‌లో వరంగల్ దాకా హాయిగా పడుకుంది.

ఎక్కడికో పోయాను. ఇంతకూ నేననేది ఏంటంటే, ఆ పిల్లవు నువ్వు.

మొన్న పెద్దమామ ఇంటి గృహప్రవేశంలో రమ వదిన ఒక మాట అంది. నేను నమ్మలేదు. సద్దుల బతుకమ్మకు నువ్వు టికెట్ కొన్నావట, ఎయిర్‌పోర్టు దాకా వచ్చావట, గేటు ముందు కూర్చుని, అందరూ ఎక్కాక వెనక్కి వెళ్లిపోయావట. వాళ్ల చెల్లెలి స్నేహితురాలు అదే విమానంలో ఉందట. నాకు నువ్వు చెప్పింది లీవ్ దొరకలేదని. దొరకలేదంటే దొరకలేదు. రమ వదిన మాటలకు కాళ్లూ చేతులూ ఎక్కువని నీకూ తెలుసు.

కానీ నాయనమ్మ పోయినప్పుడు నువ్వు రైలెక్కి వచ్చావు. తెలంగాణ ఎక్స్‌ప్రెస్‌లో కాజీపేటలో దిగేసరికి అంతా అయిపోయింది. టికెట్లు మండిపోతున్నాయన్నావు. సుగుణత్త నలుగురిలో "రెండు గంటల విమానముండగ రైలేందమ్మా" అంటే నేనే ఆమె నోరు మూయించాను. అప్పటికి అహ్మదాబాద్ విమాన ప్రమాదం జరిగి నెల రోజులేమో. జూన్ 12 తర్వాత నీ ఫోన్‌లో ఆ వీడియోలే నడిచేవని చిన్నోడు తర్వాత చెప్పాడు. ఒక వీడియో చూస్తే ఇంకో పది చూపిస్తుంది ఆ ఫోన్. అవి చూడకు.

ఆగస్టులో మేం కాశీకి పోయాం కదా నాయనమ్మ అస్థికలతో. నీకు ఫోటోలు పంపాను, ప్రయాణం సంగతి చెప్పలేదు. శంషాబాద్‌లో ఆ ముంతను ఎక్స్‌రేలో పెట్టమంటే బాపు ముందు నసిగారు. అక్కడి కుర్రాడు రెండు చేతులా పట్టుకుని, దండం పెట్టి పంపాడు. లోపలికి పోయాక సీటు కింద పెట్టుకోండి అన్నారు. "మా అమ్మను కాళ్ల కింద పెట్టను" అని బాపు మొండికేశారు. పైన అరలో పెట్టొచ్చన్నారు. తల మీదైతే సరేనన్నారు.

వానాకాలం, మబ్బులు. సగం దూరం పోయాక బెల్టులు పెట్టుకోమని చెప్పి, ఇక ఊపడం మొదలైంది. గుంతల రోడ్డు మీద ములుగు బస్సు పోయినట్టే. నా పక్కన ఒక పిల్ల, నీ వయసుదే, కళ్లు మూసుకుని ఏదో లెక్కపెడుతోంది. చేతులు చల్లగా ఉన్నాయి. పాత అలవాటు, పాఠం అందుకున్నాను. గాలిలో గుంతలేం ఉండవు, పైకి లేచే గాలి, కిందికి దిగే గాలి ఉంటాయి, వాటిలోంచి పోతుంటే ఊగుతుంది. రెక్క వంగుతుంది, వంగేటట్టే చేస్తారు. ఎగిరేటప్పుడు రెక్క మీద పడే అతి పెద్ద బరువుకు ఒకటిన్నర రెట్లు పెట్టి పరీక్షించాకే వదులుతారు. పది కిలోమీటర్ల ఎత్తులో రెండు ఇంజన్లూ ఆగిపోయినా మన హనుమకొండ నుంచి హైదరాబాద్ దాటేంత దూరం జారుకుంటూ పోగలదు. 2001లో టొరంటో నుంచి లిస్బన్ పోయే విమానంలో ఇంధనం కారిపోయి రెండు ఇంజన్లూ ఆగాయి. సముద్రం మీద దాదాపు 120 కిలోమీటర్లు అట్లాగే జారి అజోర్స్ దీవిలో దిగింది. అందులో ఉన్న 306 మందీ బతికారు. ఇదంతా చెప్తే ఆ పిల్ల కళ్లు తెరిచి, "ఆంటీ, మీకు భయం లేదా?" అంది. "ఉంది" అన్నాను. అప్పుడు నవ్వింది. అంతసేపు చెప్పిన ఫిజిక్స్‌కు నవ్వలేదు.

అహ్మదాబాద్‌లో ఎత్తే లేదు కదమ్మా అని నువ్వంటావు. నిజమే. నేల విడిచిన నిమిషంలోపే పడింది. విమానంలోని వాళ్లలో 241 మంది పోయారు, ఒక్కడు మిగిలాడు. దానికి నా దగ్గర పాఠం లేదు. 2022లో మన దేశంలో రోడ్ల మీద పోయినవాళ్లు 1,68,491 మంది, నువ్వేమో ఢిల్లీ ట్రాఫిక్‌లో స్కూటీ నడుపుతావు, అని రాద్దామనుకున్నాను. బాపు వెనక నుంచి చదివి, "లెక్కలు చెప్తే భయం పోతదా? నువ్వు బల్లిని చూస్తే లెక్కలు అడుగుతవా?" అన్నారు. ఆయనకు అన్నీ ఎగతాళే. (హెల్మెట్ బకిల్ పెట్టుకుంటున్నావా? ఊరికే తల మీద పెట్టుకుంటే లాభం లేదు.)

ఒకవేళ, నిజమే అనుకుందాం. అయితే ఏమైంది? ఆఫీసులో చెప్పుకోవడానికి సిగ్గయితే చెప్పకు, నాకు చెప్పు. ఎప్పుడైనా ఎక్కాలనిపిస్తే పొద్దుటి విమానం చూసుకో, ఎండ ముదరక ముందు గాలి నిమ్మళంగా ఉంటుంది. రెక్కల దగ్గరి సీటు తీసుకో, అక్కడ ఊపు తక్కువ. ఎక్కేటప్పుడే సిబ్బందికి భయమని చెప్తే వాళ్లు వచ్చి చూస్తూ ఉంటారు. కాఫీ తాగకు. ఎక్కకపోతే మానెయ్. డాక్టర్‌తో మాట్లాడాలంటే మాట్లాడు, ఈ రోజుల్లో అది తప్పు కాదు. సుగుణత్తకు చెప్పాల్సిన పనిలేదు, రమ వదినకు అసలే లేదు. అబద్ధం మాత్రం నాతో వద్దు. లీవ్ లేదంటే నేను మీ ఆఫీసర్ను తిట్టుకుంటూ కూర్చున్నాను, పాపం ఆయన ఎవరో.

మేడారం జాతర జనవరి 28 నుంచి 31. నీ ఉద్యోగానికి నాయనమ్మ మొక్కిన నిలువెత్తు బంగారం బాకీ ఉంది. మొక్కిన మనిషి లేకపోయినా మొక్కు పోదు. నిన్ను తూకం వేసి అంత బెల్లం సమ్మక్కకు ఇవ్వాలి. 29న గురువారం తల్లి గద్దెకు వస్తుంది, ఆ రోజుకు నువ్వుండాలి. హెలికాప్టర్‌లో మేడారం పోయేవాళ్లను చూసి చిన్నోడు మారాం చేస్తాడు, వాడికి నువ్వు చెప్పు. మనం ఆర్టీసీ బస్సులోనే.

రైలు టికెట్లు ఇప్పుడు అరవై రోజుల ముందే ఇస్తున్నారు, నాలుగు నెలల లెక్క పోయింది. అంటే జనవరి 25న బయలుదేరాలంటే ఈ నవంబరు నెలాఖరులోనే బుకింగ్. పొద్దున ఎనిమిదింటికి తెరుస్తారు, ఏడున్నరకే లాగిన్ అయి కూర్చో. జాతర రష్, ఐదు నిమిషాల్లో అయిపోతాయి. థర్డ్ ఏసీ చాలు, కింది బెర్త్ అడుగు. తత్కాల్ మీద ఆశ పెట్టుకోకు. దొరకకపోతే ఆ పొద్దే ఫోన్ చెయ్, బాపు ఇక్కడి నుంచి ప్రయత్నం చేస్తారు. స్వెటర్ ఒక్కటి చాలు, ఇక్కడ అంత చలి ఉండదు. పోయినసారి తీసుకుపోయిన పచ్చడి సీసాలు నాలుగూ కడిగి తీసుకురా, మూతలతో సహా.

టికెట్ బుక్ కాగానే పీఎన్ఆర్ నంబర్ బాపుకు పంపు. బొటనవేలు బొమ్మ కాదు, నంబర్.

మీ అమ్మ