ఉగాది తర్వాత మా దగ్గర ఫ్రిజ్ డోరు రబ్బరు మార్పించుకున్నవాళ్లకి

ఉగాది దాటాక, దసరా లోపు మా కొట్టులో ఫ్రిజ్ డోరు రబ్బరు, అదే గ్యాస్కెట్, మార్పించుకున్నవాళ్లందరికీ ఈ కబురు. మీ ఫ్రీజరులో ఐసు మామూలుకంటే తొందరగా కట్టేస్తోంటే కారణం ఆ రబ్బరే. పైసా తీసుకోకుండా మారుస్తాను. ఫోన్ చేసి అడిగినవాళ్లకే కాదండీ, బిల్లు పుస్తకంలో పేరున్న ప్రతివాళ్లకీ.

ఏం జరిగిందో నేనే చెప్పాలి, ఎందుకంటే రామారావుపేటలో వేరే కథ తిరుగుతోంది. "గ్యాసు తక్కువ ఎక్కించాడు, అందుకే ఐసు గడ్డకట్టేస్తోంది" అని టీ కొట్టు దగ్గర నా ఎదురుగానే అన్నారు. గ్యాసు తగ్గితే ఐసు ఎక్కువ కట్టదు మహాప్రభో! ఫ్రీజరు బాక్సులో ఏదో ఒక మూల తెల్లగా పట్టి, మిగతా రేకంతా పొడిగా ఉండిపోతుంది. కింద అరలో పాలు విరిగిపోతాయి. బాక్సు చుట్టూ దట్టంగా పేరుకుందంటే గ్యాసు నిక్షేపంలా ఉంది, బయటి గాలి లోపలికి పోతోందని అర్థం. కాకినాడ గాలి సంగతి మీకు చెప్పేదేముంది, ఆరేసిన తువ్వాలు సాయంత్రానికి కూడా ఆరదు. 30 డిగ్రీల దగ్గర తేమ నిండిన గాలి ఘనపు మీటరుకి 30 గ్రాముల నీరు మోస్తుంది. మైనస్ 18 దగ్గర ఒక గ్రాముకి అటూ ఇటూ. మిగిలిన నీరంతా మీ రొయ్యల డబ్బా మీదా, బాక్సు గోడల మీదా ఐసై కూర్చుంటుంది.

మొదటి ఫోను ఒక మామ్మగారిది. పులస ముక్కలు దాచుకున్నారు పాపం, ఫ్రీజరు చిన్న తలుపు ఐసులో ఇరుక్కుపోయి రావడం లేదన్నారు. వెళ్లి పెద్ద డోరు మధ్యలో వంద నోటు పెట్టి మూసి లాగాను. హ్యాండిల్ వైపు గట్టిగా పట్టింది. బందుల వైపు అడ్డేమీ లేనట్టు జారి వచ్చేసింది. కొత్త రబ్బరు మడతపడి వస్తుంది కాబట్టి వేడినీళ్లలో వేసి మెత్తబడ్డాకే బిగిస్తాం, ఇంకా వంకర ఉంటే హెయిర్ డ్రయ్యరుతో సరిచేస్తాం. ఆ పనంతా అప్పుడే అయింది. అయినా పట్టలేదంటే లోపం లోపలే ఉండాలి.

విప్పి కొట్టుకి తెచ్చి బ్లేడుతో కోసి, లోపలి అయస్కాంతం పట్టీ బయటికి లాగాను. ఒక పాత ఫ్రిజ్ రబ్బరులోంచి తీసిన పట్టీ పక్కన పెట్టాను. పాతది బల్ల మీది స్క్రూలన్నిటినీ గుత్తిలా ఎత్తింది. కొత్తది ఒక్క స్క్రూ ఎత్తి, అదీ జారవిడిచింది. పైగా రెండు మూలల దగ్గర అతుకు విడిపోయి ఉంది. అదే లాటులో మిగిలినవి కోసి చూస్తే అవీ అంతే.

సరుకిచ్చిన డీలరుకి వీడియో పంపించాను. ఎన్నో ఏళ్లుగా రోజు తప్పకుండా డబ్బు కడుతున్నవాణ్ణి కదా, కనీసం చూస్తాడనుకున్నాను. "మీ కుర్రాళ్లకి బిగించడం రాదేమో చూసుకోండి" అన్నాడు. మా కుర్రాళ్లకి! మర్నాడు మళ్లీ ఫోన్ చేసి, కొత్త లాటు వస్తోంది, దాంట్లోంచి ఇస్తాను, లెక్క సర్దుకుందాం అన్నాడు. ఆ మాటేదో మొదటిరోజే అంటే ఒప్పుకునేవాణ్ణేమో. ఇప్పుడు ఊరికే ఇచ్చినా ఆ సరుకు నా కొట్టు గడప దాటదు. పట్టుదలలు కూడు పెట్టవంటుంది మా ఆవిడ. నిజమే కావచ్చు. అయినా తీసుకోను.

నిద్రపట్టనివ్వనిది మాత్రం ఇంకోటి: పిలిచినవాళ్లకే మార్చాలా, అందరికీ మార్చాలా? తోటి మెకానిక్కులందరిదీ ఒకటే సలహా. నోరు మెదపకు, అడిగినవాళ్లకి మార్చు, మిగతావాళ్లు ఐసు కడితే కత్తితో గీక్కుంటారు, అలవాటైపోతుంది అన్నారు. లెక్కల పుస్తకం ముందేసుకుంటే వాళ్ల మాటే సబబుగా కనిపించింది. అందరికీ మార్చాలంటే ఈ సీజను సంపాదనలో చాలా భాగం రబ్బర్లకే పోతుంది. కుర్రాళ్ల జీతాలు ఆగవు. సగం మంది అసలు గమనించనే గమనించరు. ఒక రాత్రి "సరే, అడిగినవాళ్లకే" అనుకుని పడుకున్నాను కూడా.

ఆ కత్తి మాటే మింగుడుపడలేదు. సింగిల్ డోరు ఫ్రిజ్‌లో ఫ్రీజరు బాక్సంటే రెండు అల్యూమినియం రేకులు అతికించి, వాటి మధ్య గ్యాసు తిరగడానికి దారులు చేసింది. ట్రే రావడం లేదని స్క్రూడ్రైవరు మొన పెట్టి ఎగదోస్తే బుస్సుమంటుంది, అంతే సంగతులు. అతుకు వేస్తే ఎన్నాళ్లు నిలుస్తుందో ఎవడూ చెప్పలేడు. బాక్సు మార్చాలంటే రబ్బరుకి ఎన్నో రెట్లు. ఇప్పుడొచ్చే ఫ్రిజ్‌లలో చాలావాటిలో ఉండేది ఆర్-600ఎ, అంటే ఐసోబ్యూటేన్, మండే గ్యాసు. ఎప్పుడైనా అలా బుస్సుమంటే పొయ్యి ఆర్పేసి, కిటికీలు తెరిచి, అక్కడున్న స్విచ్చుల జోలికి పోకుండా నాకు ఫోన్ చేయండి. ఆ డీలరు నాసిరకం సరుకు వల్ల ఐసు కట్టి, అది గీకబోయి మీరు బాక్సు పాడుచేసుకుంటే, రేపు మీ వీధిలో నేనెలా తిరగను? రబ్బరు బిగించింది మా చెయ్యి. అందుకే అందరికీ.

ఇకమీదట మోడల్ నంబరు చెప్పి తెప్పించిన కంపెనీ రబ్బరే వేస్తాం. వారం, ఒక్కోసారి ఇంకా ఎక్కువ పడుతుంది. కొత్తగా మార్పించుకునేవాళ్లకి రేటు పెరుగుతుంది, దాని మీద బేరం పెట్టకండి. పక్క సందులో తక్కువకి దొరుకుతుందంటారా, వెళ్లండి, నాకేం కోపం లేదు. కొంచెం ఉంటుంది.

అందాకా ఏం చేయాలంటే, ఇది కార్తీకమాసం. చాలామంది ఇళ్లలో చేపలూ మాంసం లేక ఫ్రీజర్లు ఖాళీ. ఐసు దించడానికి ఇంతకంటే మంచి సమయం దొరకదు. అర సెంటీమీటరు మందం దాటితే దించేయాల్సిందే. థర్మోస్టాట్ మధ్యలో ఉండే డీఫ్రాస్ట్ బటను పల్చటి ఐసుకి సరిపోతుంది. గడ్డకట్టాక మాత్రం ప్లగ్గు తీసి, డోరు బార్లా తెరిచి, ఎదురుగా టేబుల్ ఫ్యాను పెట్టండి. గిన్నెలో వేడినీళ్లు పోసి, కింద మడిచిన గుడ్డ వేసి బాక్సులో ఉంచితే గంటల పని తొందరగా తెములుతుంది. ఉప్పు చల్లకండి, అల్యూమినియాన్ని తినేస్తుంది. నీళ్లు వెనక ట్రే దాటి పొర్లవచ్చు, కింద పాతబట్ట పరుచుకోండి. లోపలంతా పొడిగా తుడిచాకే ప్లగ్గు పెట్టండి, తడి ఉంటే అదే మళ్లీ ఐసు. వేడి కూర ఆరకుండా లోపల పెట్టడం, మూత లేని గిన్నెలు, వానాకాలంలో కూడా నాబ్ చివరంటా తిప్పి ఉంచడం, ఇవి మానేస్తే సగం గొడవ ఉండదు. రబ్బరు మడతల్లో నల్లగా పట్టిన బూజు సబ్బునీళ్లతో తుడవండి. ఫ్రిజ్ ముందు కాళ్లు ఒక రవ్వ ఎత్తుగా ఉంటే డోరు దానంతటదే మూసుకుంటుంది.

డబుల్ డోరు ఫ్రాస్ట్ ఫ్రీ వాళ్లకి ఇంత శ్రమ లేదు, దాంట్లో హీటరే ఐసు కరిగిస్తుంది. రబ్బరు బాగున్నా వెనక గోడ మీద ఐసు కడుతోందంటే హీటరో, సెన్సరో, డ్రెయిన్ రంధ్రమో చూడాలి. పిలవండి.

ఫ్రిజ్ లోపలి గోడ మీది స్టిక్కరుని మోడల్ నంబరు కనపడేలా ఫొటో తీసి వాట్సాప్ చేయండి. బిల్లు పోయినా పర్వాలేదు, మా పుస్తకంలో ఉంది. రబ్బర్లు వచ్చిన వరసలో మా కుర్రాళ్లు ఇంటికొచ్చి బిగించి, మీ ఎదురుగానే నోటు పెట్టి నాలుగు వైపులా లాగి చూపిస్తారు. తీసేసిన పాత రబ్బరు మాత్రం పారేయకండి, వాళ్లకి ఇచ్చి పంపండి. అన్నీ మూటగట్టి ఆ డీలరుకే పార్సిల్ వేయిస్తాను, రవాణా ఖర్చు ఆయనే కట్టుకునేలాగ.