ముందు రాతి పొడిని పరీక్ష చేయించండి: వ్యవసాయ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన తెలంగాణ రాష్ట్ర వ్యవసాయ శాఖ మంత్రి గారికి,

నమస్కారం. వరంగల్ దగ్గర చల్క నేలలో రసాయన మందులు లేకుండా కంది, పెసర, కూరగాయలు పండించుకునే రైతును నేను. ఈ మధ్య మా ఊళ్లలో ఎక్కడ విన్నా రాతి పొడి మాటే. ఎకరానికి ఒక్క 50 కిలోల సంచి చల్లితే నేల మారిపోతుందని, ఇక యూరియా, పొటాష్ కొనే పనే ఉండదని చెప్పి ఒక వ్యాపారి మా వీధిలోనే సంచులు దింపాడు. సంచి మీద అది ఏ రాయి పొడో లేదు, ఏ క్వారీదో లేదు, అందులో ఏముందో అసలే లేదు. రాతి పొడికి నేను వ్యతిరేకిని కాను. నా పెంటకుప్పలో వాడుతున్నాను. మంచి వస్తువు మోసపు మాటలతో పేరు పోగొట్టుకోకముందే మీరు పట్టించుకోవాలని రాస్తున్నాను.

లెక్క మీరే చూడండి. గ్రానైట్‌లో పొటాష్ సుమారు 4, 5 శాతం ఉంటుంది. అంటే 50 కిలోల సంచిలో రెండు, రెండున్నర కిలోలు. అది కూడా ఎక్కువ భాగం ఫెల్డ్‌స్పార్ అనే ఖనిజంలో బిగుసుకుని ఉంటుంది, ఏళ్ల తరబడి కొద్దికొద్దిగా తప్ప బయటికి రాదు. అదే బరువున్న మ్యూరేట్ ఆఫ్ పొటాష్ సంచిలో 30 కిలోల పొటాష్ నీళ్లలో కరిగే రూపంలో ఉంటుంది. రాతి పొడితో నేల బాగుపడాలంటే టన్నుల్లో వేయాలి, ఓపిగ్గా ఎదురు చూడాలి. బయటి దేశాల ప్రయోగాల్లో హెక్టారుకు 10, 20 టన్నులు, కొన్నిచోట్ల ఇంకా ఎక్కువే వేశారు. ఇక నత్రజని సంగతంటారా, పంటకు సరిపోయే నత్రజని ఈ రాళ్లలో ఉండనే ఉండదు. 2025 వానాకాలంలో యూరియా కోసం సొసైటీల ముందు చెప్పులు లైన్లో పెట్టి కూర్చున్న రైతుకు "ఇది చల్లితే యూరియా అక్కర్లేదు" అని చెబితే నమ్ముతాడు. నమ్మి ఆ పంట నష్టపోతాడు. నత్రజని జీలుగ, జనుము, పిల్లిపెసర కలియదున్నితే వస్తుంది, పప్పు పంటలతో వస్తుంది.

ఏ రాయి అన్నది కూడా ముఖ్యమే. మన ఎర్ర చల్కలు పుట్టిందే గ్రానైట్ జాతి రాళ్ల నుంచి. మళ్లీ అదే రాయి పొడి చేసి వేస్తే ఒరిగేదెంత అని మా ఊరి పెద్దాయన ఒకరు అడిగారు, ఆ ప్రశ్నకు నా దగ్గర పూర్తి జవాబు లేదు. బసాల్ట్ అనే లావా రాయిలో, మన గుట్టల మధ్య గోడల్లా సాగే డోలరైట్ నల్లరాయిలో కాల్షియం, మెగ్నీషియం, ఇనుము ఎక్కువ. గ్రానైట్ కంటే అవి త్వరగా కరుగుతాయి కూడా. ఆదిలాబాద్, నిర్మల్ వైపు బసాల్ట్ కావలసినంత ఉంది. అక్కడి నల్లరేగడిలో సున్నం ఎక్కువ కాబట్టి రాతి పొడి నెమ్మదిగా కరుగుతుంది. ఇక్కడి చల్కకు ఆ బసాల్ట్ పొడి పనికొస్తుందా, లారీ కిరాయి పోను రైతుకు ఏమైనా మిగులుతుందా అన్నది పొలంలో వేసి చూస్తే గానీ తేలదు.

క్రషర్ దగ్గరి డస్ట్‌ను వేళ్ల మధ్య నలిపితే పలుకులు పలుకులుగా గరుకుగా తగులుతుంది. అది ఇటుకలకు సరే. నేలకు కావలసింది వేలి గీతల్లో పట్టేసేంత మెత్తటి పిండి. కరీంనగర్ వైపు గ్రానైట్ కోసి పాలిష్ పట్టే యూనిట్ల దగ్గర ఎండిన స్లర్రీ అంత మెత్తగానూ ఉంటుంది, కానీ కోత మిషన్లలో వాడే ఉక్కు రజను, సున్నం అందులో కలిసే అవకాశం ఉంది. పరీక్ష చేయకుండా అది పొలంలోకి రావద్దు. ఇంకొక మాట. ఈ మెత్తటి పొడి పీలుస్తూ ఉంటే సిలికోసిస్ అనే ఊపిరితిత్తుల జబ్బు రావచ్చు. చల్లే పని కూలికి వచ్చే ఆడవాళ్ల మీద పడుతోంది, వాళ్లకు కొంగు తప్ప అడ్డం లేదు. పొడిని తడిపి, మాస్కులు ఇచ్చి గానీ ఈ పని చేయించకూడదు.

నేను నేరుగా చల్లను. పశువుల పెంట ఒక వరుస, దాని మీద పలుచగా రాతి పొడి, పైన గిరిపుష్పం, కానుగ ఆకు, మళ్లీ పెంట. ప్రతి వరుసకూ జీవామృతం (ఆవు పేడ, మూత్రం, బెల్లం కలిపి పులియబెట్టిన ద్రవం) చిలకరించి, కుప్ప ఎండకుండా తడి పెడతాను. సూక్ష్మజీవులు, అవి వదిలే ఆమ్లాలు రాతి మీద పని చేసేది ఆ తడిలోనే. కొన్నాళ్లకు కుప్ప తవ్వితే పొడి విడిగా కనిపించదు, నల్లటి ఎరువులో కలిసిపోయి ఉంటుంది. ఇందులో రాయి గొప్పతనం ఎంత, పెంట గొప్పతనం ఎంత అని తేల్చాల్సింది శాస్త్రవేత్తలు. వరంగల్‌లో, జగిత్యాల పొలాసలో మన వ్యవసాయ విశ్వవిద్యాలయం పరిశోధనా స్థానాలు ఉన్నాయి. ఉత్త పెంట ఒక మడి, పెంటతో గ్రానైట్ ఒక మడి, పెంటతో నల్లరాయి ఒక మడి వేసి, కనీసం మూడు నాలుగేళ్లు వరుసగా చూడమనండి. ఒక్క పంటతో తేల్చేయవద్దని నా మనవి.

బ్రెజిల్ 2013లోనే చట్టం మార్చి నేలకు వేసే రాతి పొడిని గుర్తించింది. 2016లో ప్రమాణాలు పెట్టింది. పొటాష్ కనీసం 1 శాతం ఉండాలి, విడి సిలికా (పలుగురాయి రూపంలో ఉండేది) 25 శాతం దాటకూడదు, సీసం, ఆర్సెనిక్, కాడ్మియం, పాదరసాలకు హద్దులు ఉన్నాయి. ఆ సిలికా హద్దు పెడితే మన గ్రానైట్ చాలావరకు నెగ్గడం కష్టమే కావచ్చు. అలాంటి ప్రమాణం ఇక్కడా కావాలని కేంద్రాన్ని అడగండి. అది వచ్చేదాకా, రాయి పేరు, క్వారీ పేరు, ల్యాబ్ రిపోర్టు లేని సంచి ఏ షాపులోనూ అమ్మకుండా జిల్లా అధికారులకు ఆదేశాలివ్వండి.

రాతి పొడి నేలలో కరిగేటప్పుడు గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌ను పట్టుకుంటుంది. ఆ లెక్క చూపించి, పొలంలో రాతి పొడి వేయించి కార్బన్ క్రెడిట్లు అమ్ముకునే కంపెనీలూ వస్తున్నాయి. మన దేశపు చిన్న రైతుల పొలాల్లో బసాల్ట్ వేయించే మాటి కార్బన్ అనే సంస్థకు 2025లో 5 కోట్ల డాలర్ల ఎక్స్‌ప్రైజ్ బహుమతి వచ్చింది. రానివ్వండి, మంచిదే. కానీ ఒప్పందం తెలుగులో ఉండాలి, అందులో రైతు వాటా రాసి ఉండాలి.

మా ముందున్న అసలు ఖనిజాల గని చెరువు. 2015లో మొదలైన మిషన్ కాకతీయలో పూడిక మట్టి పొలాలకు తోలుకున్న రైతులను అడగండి, చల్కలో తడి ఎన్ని రోజులు ఎక్కువ నిలిచిందో చెబుతారు. ఆ మట్టి ఎవరూ మిషన్లలో పొడి చేయనక్కర్లేని మెత్తటి పొడి, సేంద్రియంతో కలిసి వచ్చేది. ప్రతి ఎండాకాలం పూడిక తీసే పని ఆగకుండా చూడండి. తోలకానికి ట్రాక్టర్ కిరాయిలో సన్నకారు రైతుకు సాయం చేయండి. జీలుగ విత్తనం తొలకరి పోయాక కాదు, మే నెలలోనే సొసైటీలకు చేర్చండి. వరి కొయ్యలు కాల్చే రైతును తిట్టే బదులు వాటిని కలియదున్నే మిషన్లు అద్దెకు దొరికేలా చేయండి.

పరిశోధనా స్థానం వాళ్లు రైతు పొలంలో కూడా ప్రయోగం పెట్టాలనుకుంటే నా చేనులో ఒక చెక్క ఇస్తాను. ఫలితం ఎటు వచ్చినా, లాభం లేదని తేలినా సరే, దాన్ని రైతు వేదికలో అందరి ముందు చదివి వినిపించాలి. నా షరతు అదొక్కటే.

ఇట్లు,
వరంగల్ ప్రాంతపు చల్క నేల రైతు