ఆరోగ్య మంత్రి గారికి: "రిపోర్టులు నార్మల్, ఇక వెళ్లొచ్చు" అనే మాట గురించి

మంత్రి గారూ, నమస్కారం.

ఒంట్లో నొప్పో, నీరసమో, ఆయాసమో నిజంగానే ఉండి, దాని గురించిన భయం మాత్రం దాన్ని మించి పెరిగిపోయి మనిషిని కుదురుగా ఉండనివ్వని జబ్బు ఒకటుంది. సొమాటిక్ సింప్టమ్ డిజార్డర్ అంటారు. మానసిక జబ్బులను గుర్తించడానికి అమెరికా సైకియాట్రిస్టుల సంఘం 2013లో తెచ్చిన డీఎస్‌ఎం-5 అనే పుస్తకంలో ఈ పేరు పెట్టారు, పరీక్షల్లో కారణం దొరక్కపోతేనే ఈ జబ్బు అనాలన్న పట్టింపు కూడా అప్పుడే వదిలేశారు. అంటే గుండెజబ్బు ఉన్నవాళ్లకీ ఇది రావచ్చు. ఆ ఆలోచనలూ, టెన్షనూ, పదేపదే చూసుకోవడాలూ నెలల తరబడి, మామూలుగా ఆరు నెలలకు పైగా, రోజువారీ బతుకుని పాడుచేస్తున్నాయా అన్నది చూడాలి.

మా అక్కకి ఇదే. ఛాతీ పట్టేసినట్టు అనిపించగానే మెడ పక్కన రెండు వేళ్లు పెట్టుకుని నాడి చూసుకుంటుంది, ఎవరితో మాట్లాడుతున్నా ఆ వేళ్లు తియ్యదు. ఈసీజీ తీయిస్తే సాయంత్రం దాకా తేలిగ్గా ఉంటుంది, రాత్రయ్యేసరికి "ఆ మిషను సరిగ్గానే చూపించిందంటావా?" అని మళ్లీ మొదలు. ఒక డాక్టరు గారు ఫైలు తిరగేసి "నీకేం లేదమ్మా, అంతా నీ ఊహ" అని పంపేశారు. దాంతో ఇంకో డాక్టరు, అక్కడ మళ్లీ మొదటి నుంచీ అవే టెస్టులు. నటిస్తోందన్న వాళ్లూ ఉన్నారు. నటించే మనిషి ఎవరూ చూడని వేళ మంచం మీద కూర్చుని వణుకుతుందా అండీ?

భయపడితే గుండె వేగం పెరుగుతుంది, కండరాలు బిగుసుకుంటాయి, ఆ మార్పే ఇంకో లక్షణంలా తోచి భయం రెట్టింపవుతుంది. అలాంటప్పుడు ఇంకో స్కాన్ ఇచ్చే ధైర్యం ఎన్నాళ్లు నిలుస్తుంది? ఉపయోగపడేవేమిటో వైద్యులకు తెలుసు: ఒకే డాక్టరు, లక్షణం ఉన్నా లేకపోయినా ముందే చెప్పిన తేదీకి చూడటం, వచ్చినప్పుడల్లా ఒంటి మీద చెయ్యి వేసి పరీక్షించడం, కొత్తగా ఏదైనా కనిపిస్తేనే టెస్టు రాయడం. దానితో పాటు కాగ్నిటివ్ బిహేవియరల్ థెరపీ (భయపెట్టే ఆలోచనలనూ, అలవాట్లనూ మాటల ద్వారా మార్చుకోవడం నేర్పే చికిత్స), కొందరికి డిప్రెషన్‌కి వాడే మందులు.

వీటిలో ఖరీదైన మిషన్లు కావాల్సింది ఒక్కటీ లేదు, కావాల్సింది టైము. ఓపీలో హడావిడిగా చూసే డాక్టరు "నొప్పి నిజమే, దానికి వైద్యం ఉంది" అని ఎప్పుడు చెప్పగలరు? కౌన్సెలర్‌ని కూడా అదే ఆసుపత్రిలో, అదే వరండాలో కూర్చోబెట్టండి, ఎందుకంటే "సైకియాట్రిస్టు దగ్గరికి వెళ్లు" అని చీటీ రాసిచ్చి చేతులు దులుపుకుంటే పేషెంటుకి "నువ్వు చెప్పేది అబద్ధం" అన్నట్టే వినిపిస్తుంది, చాలామంది ఆ చీటీ పట్టుకుని ఇంటికే పోతారు.

జనరల్ డాక్టర్లకు దీని మీద శిక్షణ ఇప్పించండి, ఇలాంటి పేషెంట్లను ప్రతిసారీ ఒకే డాక్టరు చూసేలా ఉత్తర్వు ఇవ్వండి. రెండోది రేపటి నుంచే మొదలుపెట్టొచ్చు.

ఇట్లు,
ఒక పేషెంటు చెల్లెలు