26 దగ్గర ఆగిన సూది

బెంగళూరు,
ఆదివారం రాత్రి

ప్రియమైన శీనూ,

పలుచని చెక్క పొరను, అదే వెనీర్‌ను, ప్లై మీద అంటించడానికి పలకను సంచిలో పెట్టి పంపుతో గాలి లాగుతున్నాం కదా, నా గేజి 26 దగ్గరే ఎందుకు ఆగుతోందన్న నీ ప్రశ్నకు జవాబు దొరికింది. నాలుగు రోజులు పట్టింది.

మొన్న నువ్వు పంపిన ఫోటోలో వాక్యూమ్ గేజి సూది 28న్నర అంగుళాల మీద నిలబడి ఉంది. నాది ఎంతసేపు పంపు నడిపినా 26 దాటదు. "నీ సంచి ఎక్కడో గాలి పీలుస్తోంది, చూసుకోరా" అని రాశావు. నేనూ అదే అనుకున్నాను. సంచి మూతికి వేసిన పట్టీ విప్పి, తుడిచి, మళ్ళీ బిగించాను. గొట్టాలు కలిసే చోట సబ్బు నురుగు పూశాను గానీ, గాలి లోపలికి పోయే చోట బుడగ ఎలా వస్తుంది? అర్ధరాత్రి వీధి సద్దుమణిగాక పంపు ఆపి, ఒక రబ్బరు గొట్టం ముక్క చెవికి ఆనించి, రెండో కొసను అతుకుల వెంట నడిపిస్తూ విన్నాను. ఎక్కడా చిన్న సీత్కారం కూడా లేదు. వాల్వు మూసేసి పడుకున్నాను. పొద్దున ఆరింటికి లేచి చూస్తే సూది అదే 26 మీద ఉంది. నిజంగా గాలి దూరుతూ ఉంటే తెల్లారేసరికి సున్నాకు రావాలి కదా!

ఇక పంపు మీద అనుమానం వచ్చింది. ఎస్‌.పి. రోడ్డులో కొన్న చిన్న పంపు అది, ఏసీ మెకానిక్కులు వాడే రకం. నూనె మార్చాను. అయినా 26.

అప్పుడు తట్టింది. గేజి చూపేది సంచి లోపలి గాలికీ బయటి గాలికీ ఉన్న తేడా. బయటి గాలే తక్కువైతే? ఫోనులో వాతావరణం చూస్తే బెంగళూరు పీడనం 1012 మిల్లీబార్లు అని ఉంది, మీ చెన్నైకి చూపినంతే. అక్కడే ఒక రోజంతా పోయింది. వాతావరణం చెప్పేవాళ్ళు ఊళ్ళను పోల్చడానికి వీలుగా ప్రతి ఊరి లెక్కనూ సముద్ర మట్టానికి మార్చి చెబుతారు. ఫోనులోనే ఉన్న బారోమీటరును నేరుగా అడిగితే అసలు సంగతి బయటపడింది: 908. పాదరసం లెక్కలో 26.8 అంగుళాలు. మా ఊరు సముద్రానికి 900 మీటర్ల పైన ఉంది మరి. పంపు అంతకు మించి లాగలేకపోవడం దాని తప్పు కాదు. లాగడానికి ఇక్కడ గాలే లేదు. మీకు దాదాపు 30 అంగుళాల గాలి ఉంటే నీ పంపు 28న్నర తీసింది, మాకున్న 26.8లో నాది 26 తీసింది. శాతం కట్టి చూడు, నా పంపే ఒక మెట్టు పైన ఉంటుంది.

మరి ఆ 26 సరిపోతుందా అన్నావు. పాప చదువు బల్ల పైపలక 4 అడుగుల పొడవు, 2 అడుగుల వెడల్పు, అంటే సుమారు 7,400 చదరపు సెంటీమీటర్లు. ఒక్కొక్క చదరపు సెంటీమీటరు మీద 900 గ్రాములు. మొత్తం 6,700 కిలోల దాకా వస్తుంది శీనూ! నీ దగ్గరైతే అదే పలక మీద 7,300 పడుతుంది. వెనీర్ అంటుకోవడానికి 22 అంగుళాలున్నా చాలు, కాబట్టి ఆ 600 కిలోల తేడాతో మనకు పని లేదు. పదిహేడో శతాబ్దంలో గెరిక్ అనే జర్మన్ ఆయన రెండు రాగి అర్ధగోళాలను కలిపి, లోపలి గాలి తీసేసి, గుర్రాలతో లాగించినా విడిపోలేదని సైన్సు పాఠంలో చదువుకున్నాం, గుర్తుందా? ఆ గుర్రాలను ఓడించిన గాలే నా గదిలో బల్ల మీద కూర్చుని ఉంది. చప్పుడు లేదు, బరువు మోసుకొచ్చిన మనిషీ లేడు.

ఆ బరువు ఎంత సమంగా పడుతుందో చూశాక క్లాంపుల మీద మనసు పోయింది. ఇరవై క్లాంపులు బిగించినా ఒత్తిడి బిగించిన చోటే ఉంటుంది, నడిమధ్య పలక ఉబ్బుతుంది. రెండేళ్ళ క్రితం అల్మారా తలుపుకి రబ్బరు జిగురు పూసి చేత్తో అంటించాను. ఏప్రిల్ ఎండకు అది బుడగలు లేచింది, గోటితో తడితే డొల్ల శబ్దం. ఆ తలుపు చూసినప్పుడల్లా మనసు చివుక్కుమంటుంది.

ఇప్పుడు నువ్వు మొదలుపెట్టబోయే పని గురించి. సంచిలో పెట్టే అడుగు పలకకు నిలువుగా, అడ్డంగా సన్నని గాడులు తీయి. మూడు మిల్లీమీటర్ల లోతు చాలు. అవి లేకపోతే సంచి అంచుల దగ్గర ముందే అతుక్కుపోయి, మధ్యలో గాలి చిక్కుకుంటుంది. మూలలన్నీ గుండ్రంగా అరగదీయి, లేకపోతే సంచి చిరుగుతుంది. పంపుకీ సంచికీ మధ్య గాలి వెనక్కి రానివ్వని వాల్వు తప్పనిసరి. అది లేకుండా పంపు ఆపితే అందులోని నూనె గొట్టం వెంట నీ టేకు మీదికి వచ్చే ప్రమాదం ఉంది.

జిగురు ప్లై మీదే పూయి, వెనీర్ మీద వద్దు. అర మిల్లీమీటరు మందం లేని ఆ పొర తడి తగలగానే అప్పడంలా చుట్టుకుంటుంది. తెల్ల జిగురు ఎండాక కూడా కొద్దికొద్దిగా సాగుతుంది, కొన్నాళ్ళకు అతుకులు గీతల్లా కనబడతాయి. అందుకే నేను యూరియా ఫార్మాల్డిహైడ్ పొడి జిగురు కలిపాను. వాసన ఘాటుగా ఉంటుంది, కిటికీలు తెరిచి, మాస్కు పెట్టుకుని చెయ్యి. మాకు రాత్రులు చల్లగా ఉంటున్నాయి కనుక తెల్లారే దాకా సంచిలోనే ఉంచాను. టేకు రంధ్రాల గుండా జిగురు పైకి ఊరుతుంది, పైన పాలిథీన్ కాగితం పరవడం మరిచిపోకు.

అన్నిటికన్నా నేను నిన్ను బతిమాలి చెప్పేది వెనుక వైపు గురించి. "కనబడని వైపుకి డబ్బు దండగ" అని నీ వడ్రంగి అన్నాడని రాశావు. దయచేసి ఆ మాట వినకు. ఒక్క వైపే అంటిస్తే, జిగురు తడి ఆరుతూ ఆ వైపును లాగుతుంది, నెల తిరగకుండా పలక పళ్ళెంలా వంగుతుంది. చవక రకమైనా సరే, అదే మందం ఉన్న వెనీర్ వెనుక కూడా వెయ్యి, చారల దిశ రెండు వైపులా ఒకటే ఉండాలి. పైగా మీది సముద్రపు గాలి. అక్కడి తేమ పీల్చుకున్న వెనీర్‌ను అలాగే అంటించి, తరువాత ఏసీ గదిలో పెడితే అది ముడుచుకుని సన్నగా చీలుతుంది. ప్లైనీ వెనీర్‌నీ ఆ ఏసీ గదిలోనే వారం రోజులు ఉంచి, అప్పుడు మొదలుపెట్టు. తొందరపడకు.

నా బల్ల సంగతి చెప్పనేలేదు! మైసూరు రోడ్డు టింబర్ యార్డులో ఒకే దుంగ నుంచి వరుసగా కోసిన రెండు టేకు పొరలు దొరికాయి. వాటిని పుస్తకం తెరిచినట్టు పక్కపక్కన పరిచి, జిగురు కాగితపు పట్టీ తడిపి అతికించాను. ఆ పట్టీ ఆరుతూ ముడుచుకుని, అతుకును తానే దగ్గరికి లాగుతుంది. పొద్దున సంచి మూతి విప్పగానే గాలి ఉస్సుమంటూ లోపలికి వచ్చింది. పలక బయటికి తీసి, పట్టీ తడిపి గీకేశాక, చారలు రెండు పక్కలా నది ఒడ్డుల్లా విచ్చుకున్నాయి. నడి అతుకు ఎక్కడుందో కంటికి దొరకలేదు, వేలికీ దొరకలేదు. పాప వచ్చి ఆ చారల మీద వేలితో గీస్తూ చాలాసేపు కూర్చుంది. రెండు వైపులా గాలి తగిలేలా పుల్లల మీద నిలబెట్టాను, వారం తరువాత గరుకు కాగితం పడతాను. అదీ చేత్తోనే, మిషను పెడితే ఆ పొర నిమిషంలో పోతుంది.

ఇంకొకటి. మేలో మీరు ఊటీ వెళ్తారన్నావు కదా. కారులో చోటుంటే పంపునీ గేజినీ తీసుకెళ్ళు, చిన్నవే కదా. ఊటీ ఎత్తు 2,240 మీటర్లు. నా లెక్క ప్రకారం ఎంత మంచి పంపైనా అక్కడ సూది 23 అంగుళాలు దాటకూడదు. ఎక్కడ ఆగిందో ఫోటో తీసి ఆ రాత్రే పంపు.

నీ
మూర్తి